పరిస్థితులు మనవాళ్లకి, బుద్ధులు పరాయివాళ్లకి

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల ఊళ్లలో టీ కొట్టు దగ్గర కాసేపు నిలబడితే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఊళ్లో పేరున్న కుటుంబం చెరువులో రొయ్యలకి వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు తగిలి పంట పోయిందనుకోండి. "పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడండీ? సీడే బాగోలేదు. దానికి తోడు రేటు పడిపోయింది" అంటారు. ఆ చెరువుని ఆనుకునే రెండెకరాలు లీజుకి తీసుకున్నవాడికీ అదే జబ్బు, అదే వారంలో తగిలితే మాట మారిపోతుంది. "ఆడికి తెలీని యవ్వారం ఎందుకండీ? వరి చేసుకునేవోడు రొయ్యల్లోకి దిగడమే తప్పు. ఆశ ఎక్కువ." వైరస్ అదే. నీళ్లు వచ్చింది అదే కాలువ నుంచి. ఒకాయన నష్టానికి బయట కారణాలు దొరికాయి. ఇంకొకడి నష్టానికి అతని బుద్ధే కారణమైంది.

ఇవి ఊసుపోక చెప్పుకునే కబుర్లని తీసిపారేయడానికి లేదు. అప్పు ఎవరికి పుడుతుంది, పిల్లని ఎవరికి ఇస్తారు, వచ్చే ఏడు చెరువు మళ్లీ ఎవరి చేతికి వెళ్తుంది, తగువు వస్తే ఎవరి మాట నిలబడుతుంది అన్నవి చాలావరకు తేలిపోయేది ఇలాంటి కబుర్లలోనే. పెద్దమనుషులు కూర్చుని తీర్పు చెప్పే సమయానికి అసలు తీర్పు ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

ఎదుటివాడు చేసిన పనికి మనం కారణాలు ఎలా కడతామన్నది మనస్తత్వ శాస్త్రంలో పాత ప్రశ్నే. వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఫ్రిట్జ్ హైడర్ 1958 నాటికే దీనికి ఒక దారి వేశాడు. ఒక పని చూడగానే మనం దాన్ని మనిషి స్వభావానికైనా అంటగడతాం, లేదంటే అతనున్న పరిస్థితికైనా అంటగడతాం అన్నాడు. 1967లో ఎడ్వర్డ్ జోన్స్, విక్టర్ హారిస్ అమెరికన్ విద్యార్థులకు కొన్ని వ్యాసాలు ఇచ్చి చదివించారు. కొన్ని క్యూబా నాయకుడు కాస్ట్రోని మెచ్చుకునేవి, కొన్ని తిట్టేవి. ఏ పక్షాన రాయాలో రాసినవాడికి పైనుంచి చెప్పారని, అందులో అతని ఇష్టమేమీ లేదని ముందే చెప్పినా, చదివినవాళ్లు మాత్రం మెచ్చుకుంటూ రాసినవాడికి కాస్ట్రో అంటే ఎంతో కొంత అభిమానం ఉండే ఉంటుందని అనుకున్నారు. మనిషి మీద ఉన్న ఒత్తిడి కళ్ల ముందే ఉన్నా దాన్ని లెక్కలోంచి తీసేసి, స్వభావానికే మార్కులు వేసే ఈ అలవాటుని మనిషి ఆలోచనలో ఒక మౌలికమైన పొరపాటుగా 1977లో లీ రాస్ పేర్కొన్నాడు. ఆ తర్వాత ఈ మాట పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

అయితే ఈ ప్రయోగాలన్నీ అమెరికా కాలేజీ పిల్లల మీద చేసినవి. మన వైపు మనుషులూ ఇలాగే ఆలోచిస్తారా అని అడిగింది జోన్ మిల్లర్. ఆమె 1984లో ప్రచురించిన పరిశోధనలో షికాగో వాళ్లనీ మైసూరులోని హిందువులనీ పోల్చి చూసింది. తమకు తెలిసినవాళ్లు చేసిన మంచి పని ఒకటి, చెడ్డ పని ఒకటి చెప్పి, అలా ఎందుకు చేశారో చెప్పమంది. మైసూరులో ఒకరు చెప్పిన సంగతి ఇది. ఒక లాయరు మోటారు సైకిల్ మీద కోర్టుకి వెళ్తుంటే టైరు పేలింది. వెనక కూర్చున్న మనిషి కింద పడ్డాడు, తలకి దెబ్బ తగిలింది. లాయరు అతన్ని ఆసుపత్రిలో చేర్చి, దెబ్బ ఎంత పెద్దదో డాక్టరుతో మాట్లాడకుండానే కోర్టుకి వెళ్లిపోయాడు. ఆ మనిషి చనిపోయాడు. ఈ సంగతే అమెరికా వాళ్లకి చెబితే లాయరు బాధ్యత లేని మనిషి అన్నారు. మైసూరు వాళ్లలో ఎక్కువమంది కోర్టులో అతని కోసం క్లయింటు కాచుకుని ఉన్నాడు కదా, ఆ కంగారులో ఏం తోచి ఉండదు, దెబ్బ అంత పెద్దదిగా కనపడి ఉండదు అన్నారు. ఇంకో విషయం, ఎనిమిదేళ్ల పిల్లల దగ్గర ఈ తేడా దాదాపు లేదు. వయసుతో పాటు పెరిగింది. అంటే పుట్టుకతో వచ్చింది కాదు, పెద్దవాళ్ల మాటలు వింటూ నేర్చుకున్నది.

ఇక్కడితో ఆగిపోతే మనకి బాగానే ఉంటుంది. పడమటివాళ్లు మనిషిని ఒంటరిగా చూస్తారు, మనం మనిషి చుట్టూ ఉన్న బాధ్యతలతో కలిపి చూస్తాం అని చెప్పుకుని మురిసిపోవచ్చు. కొందరు అలా మురిసిపోయారు కూడా. కానీ అంతకు పదేళ్ల ముందే, 1974లో, దక్షిణ భారతంలోనే టేలర్, జగ్గి అనే ఇద్దరు ఇంకో చిన్న పరిశోధన అచ్చు వేశారు. హిందువులైన ఆఫీసు గుమాస్తాలకి కొన్ని సన్నివేశాలు ఇచ్చారు. ఒక కొట్టువాడు మంచిగా ఉన్నాడు లేదా మోసం చేశాడు. ఒక ఇంటివాడు వానలో తడుస్తున్నవాణ్ణి లోపలికి రానిచ్చాడు లేదా పొమ్మన్నాడు. ఆ పని చేసింది హిందువైతే ఒకసారి, ముస్లిం అయితే ఒకసారి. తమవాడు మంచి చేస్తే అది అతని గుణం అన్నారు, చెడు చేస్తే ఏదో పరిస్థితి అన్నారు. పరాయివాడి విషయంలో అంత ఉదారంగా లేరు. పరిశోధనలో పాల్గొన్నది పట్టుమని ముప్పై మందే కాబట్టి దాని మీద మేడ కట్టనక్కర్లేదు. కానీ గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవాళ్లెవరికీ ఆ ఫలితం ఆశ్చర్యం కలిగించదు.

ఈ రెండు పరిశోధనలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఒకటే. పరిస్థితుల్ని అర్థం చేసుకోవడం మనకి చాలా బాగా వచ్చు. బహుశా లోకంలో చాలామంది కన్నా బాగా వచ్చు. ఆ విద్యని ఎవరి కోసం వాడతామన్న దగ్గరే పేచీ అంతా.

మన గురించి బయటివాళ్లు చెప్పే మంచి మాటల నుంచే మొదలుపెడదాం. గోదావరి జిల్లాల వాళ్లు మర్యాదస్తులు, పెట్టుపోతలు తెలిసినవాళ్లు, గుమ్మం తొక్కినవాణ్ణి తినకుండా పోనివ్వరు. 2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించిన వీడియో దేశమంతా తిరిగింది. అప్పటినుంచి ఏటా ఎవరో ఒకరు ఆ లెక్కతో పోటీ పడుతూనే ఉన్నారు (అల్లుడి పొట్ట గురించి మాత్రం ఎవరూ ఆలోచించినట్టు లేదు). ఈ పెట్టే గుణం మన నేలలోనే, మన రక్తంలోనే ఉందని మనమూ నమ్మేశాం. రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్తే ఇదే నేల మీద 1832-33 కరువులో జనం తిండి లేక పోయారు. 1839లో కాకినాడ దగ్గరి రేవు ఊరు కోరింగని ఉప్పెన తుడిచేసింది. గోదావరి అప్పుడూ నిండుగానే పారేది, కానీ చాలా నీళ్లు పొలానికి ఎక్కకుండానే సముద్రంలో కలిసేవి. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో పూర్తయి, కాలువలు ఊళ్లకి చేరాకే గాదెలు నిండాయి. గాదె నిండాకే విస్తళ్లూ నిండాయి.

ఊరూరా కాటన్ దొర విగ్రహాలు పెట్టుకున్నాం, దండలు వేస్తున్నాం. మన మర్యాదలో ఆ కాలువకీ వాటా ఉందని మాత్రం ఒప్పుకోం. రాయలసీమ మనిషికి కోపం ఎక్కువని, పౌరుషం ఎక్కువని తేలిగ్గా అనేసేటప్పుడు అనంతపురంలో ఏడాదికి ఎంత వాన పడుతుందో లెక్క తీయం. కోనసీమలో పడేదాంట్లో సగం కూడా పడదు. మన మంచితనం స్వభావమైపోయింది, వాళ్ల ఇబ్బందీ స్వభావమే అయిపోయింది.

డెల్టా లోపల కూడా నీళ్లు అందరికీ ఒకలా రావు. కాలువ ఎగువన ఉన్న రైతుకి తూము తెరిచిన వెంటనే నారుమడి తడుస్తుంది. శివారు ఆయకట్టు రైతు వంతు వచ్చేసరికి కాలువ అడుగంటి ఉంటుంది. నాట్లు వెనకబడతాయి. నాట్లు వెనకబడితే కోతలు వెనక్కి పోతాయి, అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో పుట్టే తుఫానుకి సరిగ్గా ఈనిన చేనో, కోసిన పనలో దొరుకుతాయి. ఆపైన మురుగు కాలువలు పూడికతో, గుర్రపుడెక్కతో నిండిపోయి నీళ్లు దిగవు. పైనుంచి రావలసిన నీరు రాక, కిందికి పోవలసిన నీరు పోక నష్టపోయిన ఆ రైతుని చూసి ఎగువ ఊరివాడు అనే మాట: "ఆ లంకోళ్లకి, ఆ శివారోళ్లకి సేద్యం మీద శ్రద్ధ ఉండదండీ." పది మైళ్ల దూరంలో ఉన్న కాలువ తీరు తెలియక కాదు. తూము దగ్గర నీళ్ల కోసం తగువు పడ్డది ఆ ఎగువ ఊరివాడే.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి వేల ఎకరాల్లో నాట్లు వేయడం మానేశారు. హైదరాబాదులో కొందరు దాన్ని మోతుబరుల అలక అన్నారు. బలిసినవాళ్ల నాటకం అన్నవాళ్లూ ఉన్నారు. మద్దతు ధర పెట్టుబడికి సరిపోలేదు, ముంపు ఏటా తప్పడం లేదు, ధాన్యం కొనేవాడు లేడు. ఈ బాధలు వినడానికి ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేయవలసి వచ్చింది. అప్పట్లో రైతులు పడ్డ బాధ న్యాయమైనదే. మా కష్టం చూడకుండా మా మీద బద్ధకం ముద్ర వేస్తారా అని వాళ్లు అడిగిన ప్రశ్నా న్యాయమైనదే. అయితే ఆ సభల్లోనే, ఆ ప్రెస్‌మీట్లలోనే, అదే నోటితో ఇంకో మాట కూడా వినపడేది. "ఉపాధి హామీ వచ్చాక కూలోళ్లకి బద్ధకం పెరిగిపోయిందండీ. ఒంటిపూట పనికే రోజు కూలి అడుగుతున్నారు." తన పంట విరామానికి పెట్టుబడి లెక్కలు, గిట్టుబాటు లెక్కలు చెప్పిన మనిషి, కూలివాడు తక్కువ డబ్బుకి ఎక్కువ పని చేయనంటే అందులో లెక్కేదీ చూడలేదు. ఇద్దరూ చేసింది ఒకటే, గిట్టని పని మానేశారు. ఒకరిది ఉద్యమం అయింది, ఇంకొకరిది బద్ధకం అయింది. ఈ వరస అక్కడితో ఆగదు. ఊరి కూలి కూడా బయట నుంచి వచ్చిన నాట్ల ముఠాల గురించి అనడానికి ఏదో ఒక మాట దాచుకునే ఉంటాడు.

గల్ఫ్‌కి వెళ్లిన ఆడవాళ్ల సంగతి దీనికన్నా కష్టంగా ఉంటుంది. కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి కువైట్, ఖతార్, మస్కట్ ఇళ్లల్లో పనికి వెళ్లినవాళ్లు లేని ఊరు తక్కువ. భర్త తాగుడో, అప్పులో, చేతిపనికి గిరాకీ పోవడమో, పిల్ల పెళ్లో ఏదో ఒకటి వెనక నుంచి తోస్తేనే ఏ తల్లయినా చంటిపిల్లని అమ్మమ్మ దగ్గర వదిలి విమానం ఎక్కుతుంది. ఆమె పంపిన డబ్బుతో డాబా లేస్తుంది, తమ్ముడు ఇంజినీరింగ్ చదువుతాడు, అప్పు తీరుతుంది. డబ్బు వచ్చినన్నాళ్లూ ఎవరూ నోరు మెదపరు. ఆమె తిరిగొచ్చి, మంచి చీర కట్టుకుని, చేతికి గాజులు వేసుకుని పెళ్లికి వస్తే మొదలవుతుంది. అక్కడ ఏం చేసి సంపాదించిందో అని ఒకరు. మొగుణ్ణీ పిల్లల్నీ వదిలేసి వెళ్లిన మనిషని ఇంకొకరు. అదే ఊరి నుంచి అమెరికాకి వెళ్లిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు తల్లి ఆసుపత్రిలో ఉన్నా రాలేకపోతే "వీసా స్టాంపింగ్ ఇబ్బందండీ, ఉద్యోగం పోతుంది కదా" అని ఆ తల్లి తరఫువాళ్లే కాదు, వీధంతా సర్దిచెబుతుంది. స్పాన్సరు పాస్‌పోర్టు దాచేసుకుంటే రాలేకపోయిన ఆడమనిషికి అదే వీధిలో ఆ మాట చెప్పేవాళ్లు దొరకరు.

ఆమెకి అక్కడ దెబ్బలు తగిలి, జీతం ఇవ్వక, ఎంబసీ షెల్టరులో నెలలు గడిపి తిరిగొచ్చిందంటే జాలి పడతారనుకుంటాం. కొందరు పడతారు. చాలామంది మాత్రం "చేసుకున్నవాళ్లకి చేసుకున్నంత" అనేస్తారు. ఈ మాట వెనక ఉన్న మనసుని మెల్విన్ లెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960ల్లోనే పట్టుకున్నాడు. 1966లో అచ్చయిన ప్రయోగంలో ఒక ఆడపిల్లకి తప్పు చేసినప్పుడల్లా కరెంటు షాకు కొడుతున్నట్టు నటింపజేసి, కొందరిని కూర్చోబెట్టి చూపించారు. ఆమె బాధని ఆపే అవకాశం ఉన్నవాళ్లు ఆమె గురించి మామూలుగానే మాట్లాడారు. ఆపడం తమ చేతుల్లో లేక, ఆమె ఇంకా బాధ పడబోతోందని తెలిసినవాళ్లు ఆమెనే తక్కువ చేసి మాట్లాడారు. లోకం న్యాయంగా నడుస్తోందని నమ్మకపోతే మనకి నిద్ర పట్టదు. అందుకే దెబ్బ తిన్నవాడి దగ్గరే ఏదో లోపం ఉండాలి. ఆ లోపం దొరికిందంటే మనకి అలాంటిది జరగదని ధైర్యం.

ఈ నేల మీద దీనికి ఇంతకన్నా పాత సాక్ష్యం ఉంది. పన్నెండేళ్ల పిల్లకి పెళ్లి చేసి, ఆ భర్త జబ్బుతో పోతే, ఆ పిల్లే మొగుణ్ణి మింగిందన్నారు. జ్వరానికి మందు లేని కాలంలో చనిపోయిన మనిషి చావు, కాపురానికైనా వెళ్లని పిల్ల జాతక దోషమైంది. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు దాదాపు యుద్ధానికి దిగినంత పని చేసింది. పెళ్లికి వచ్చినవాళ్లకీ, ఆ ఇంట్లో భోంచేసినవాళ్లకీ వెలి భయం చూపించారు. కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్య డబ్బు సాయం చేశారు, విద్యార్థులు అండగా నిలబడ్డారు. లోపల మంచి పనే అని ఒప్పుకుంటూ గుమ్మం దాటనివాళ్లు ఎంతమంది ఉండి ఉంటారో ఊహించుకోవచ్చు. వాళ్లని పిరికివాళ్లని తిట్టడం తేలిక. వెలి అంటే ఆ రోజుల్లో ఇంట్లో పెళ్లి కాని ఆడపిల్లకి సంబంధం రాకపోవడం, శవాన్ని మోసే నలుగురు దొరకకపోవడం. ఈ మాట చెప్పినందుకు నేను వాళ్లని సమర్థిస్తున్నానని అనుకోకండి. వాళ్ల భయానికి కారణం ఉంది, ఆ పిల్లకి చేసిన అన్యాయానికి లేదు.

వెలి పోయింది, వాకబు మిగిలింది. సంబంధం అనుకోగానే పిల్లవాడి ఊరికి ఇద్దరిని పంపి, కిరాణా కొట్టులో ఒకణ్ణి, ఆర్‌ఎంపీ డాక్టరుని, చివరికి పాలు పోసే మనిషిని అడుగుతారు. ఇందులో తెలివి లేకపోలేదు. మనిషి వేసుకున్న చొక్కా కన్నా అతని పాల బాకీ ఎక్కువ చెబుతుంది. ముఖం చూసిన సెకనులో పదో వంతులోనే నమ్మదగినవాడా కాదా అన్న అభిప్రాయం ఏర్పడిపోతుందని జానిన్ విల్లిస్, అలెగ్జాండర్ టొడొరొవ్ 2006లో చూపించారు. పెళ్లిచూపుల్లో ఒకసారి ముఖం చూసి తేల్చేసేదానికన్నా వాకబు వెయ్యి రెట్లు నయం. కానీ వాకబులో అడిగే మొదటి ప్రశ్న "మీ ఇంటిపేరేంటండీ?" జవాబు నచ్చాక మిగతా వివరాలకి మంచి అర్థాలు దొరుకుతాయి, నచ్చకపోతే అవే వివరాలు చెడ్డవవుతాయి. మాట తక్కువ కుర్రాడు ఒక ఇంటిపేరుతో నిదానస్తుడు, ఇంకో ఇంటిపేరుతో పొగరుబోతు. పెళ్లిళ్ల దాకా ఎందుకు, ఉద్యోగాల్లోనూ ఇదే. సుఖదేవ్ థొరాట్, పాల్ అటువెల్ 2007లో ప్రచురించిన పరిశోధనలో ఒకే రకమైన చదువులతో, పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు కంపెనీలకి దరఖాస్తులు పంపారు. దళితుల పేర్లకీ ముస్లిం పేర్లకీ పిలుపులు తక్కువ వచ్చాయి. అక్కడ ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

"నలుగురూ ఏమనుకుంటారో" అన్న టెన్షన్ గురించి కూడా ఒక మాట. 2000లో థామస్ గిలొవిచ్, అతని తోటివాళ్లు అమెరికాలో ఒక విద్యార్థికి నలుగురూ నవ్వే టీ షర్టు వేసి గదిలోకి పంపారు. గదిలో సగం మంది తన చొక్కా చూసి ఉంటారని అతను అనుకున్నాడు. నిజంగా గమనించింది నాలుగో వంతు. మనల్ని అందరూ చూస్తున్నారన్నది చాలావరకు మన భ్రమ అని దాని సారాంశం. నగరంలో ఇది ధైర్యం ఇచ్చే మాట. ఇదే ప్రయోగం మన ఊళ్లో, అరుగు మీద ముగ్గురు ముసలాళ్లు కూర్చున్న వీధిలో చేసి ఉంటే ఫలితం ఇంకోలా వచ్చేది. చొక్కానే కాదు, అది ఎక్కడ కొన్నాడో, ఎంతకి కొన్నాడో, ఆ డబ్బు ఎవరిచ్చారో కూడా చెప్పేవారు. అందుకే డెల్టాలో మనిషికి భయం ఎక్కువ అంటే, ఆ భయం పిచ్చి భయం అనలేం.

రోడ్డు ప్రమాదాల దగ్గరకి వస్తే ఈ వాదన ఇంకాస్త తేలికవుతుంది. హైవే మీద మనిషి రక్తంలో పడి ఉంటే కార్లు పక్కనుంచి వెళ్లిపోతున్న వీడియో వస్తుంది, కింద "మానవత్వం చచ్చిపోయింది" అని రాస్తారు. 1973లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కాబోయే విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. ప్రసంగానికి వెళ్తున్న దారిలో ఒక మనిషి కూలబడి మూలుగుతుంటాడు. ఆలస్యం లేదన్నవాళ్లలో 63 శాతం ఆగి సాయం చేశారు. బాగా ఆలస్యమైందని తరిమినవాళ్లలో 10 శాతమే ఆగారు. వాళ్లలో కొందరు చెప్పబోతున్న ప్రసంగం, దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి ఆదుకున్న సమరయుడి బైబిలు కథ మీద. మనిషి ఎంత దయగలవాడన్నదానికన్నా అతని గడియారం ఎక్కువ పని చేసింది. మన దగ్గర గడియారంతో పాటు పోలీసు స్టేషను భయం కూడా ఉండేది. తీసుకెళ్లి చేర్చినవాణ్ణే ఆసుపత్రిలో కూర్చోబెట్టి అడ్వాన్సు కట్టమనేవాళ్లు, తర్వాత సాక్ష్యానికి తిప్పేవాళ్లు. ఆ సంగతి గుర్తించాకే 2016లో సుప్రీంకోర్టు సాయం చేసినవాళ్లకి రక్షణగా మార్గదర్శకాలను ఆమోదించింది, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేరింది. ఇప్పుడు పేరు చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదు. మానవత్వం మీద ఉపన్యాసాలు ఇచ్చే చోట ఈ సెక్షన్ గురించి ఒక్క బోర్డు పెడితే ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయని నా అభిప్రాయం.

అందరికీ పరిస్థితులే చెప్పుకుంటూ పోతే తప్పు ఎవరిదీ కాకుండా పోతుంది కదా అని అడగొచ్చు. అడగాలి కూడా. 2022 మే 24న అమలాపురంలో, కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు చేర్చే విషయం మీద జరిగిన నిరసనలో ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. తర్వాత ఇంటర్నెట్ ఆపేశారు గానీ నోళ్లు ఆగలేదు. తమవాళ్ల పిల్లలు అందులో ఉన్నారని తెలిస్తే "కుర్రాళ్లండీ, ఎవరో రెచ్చగొట్టి ముందుకి తోశారు, కేసులు పడితే ఉద్యోగాలు రావు" అన్నారు. ఇరవై ఏళ్ల కుర్రాడి భవిష్యత్తు గురించి ఆ దిగులు నిజమైనదే, దాన్ని నేను వెక్కిరించను. కానీ పరాయి పేటలో కుర్రాడు సైకిల్ దొంగతనం కేసులో దొరికినప్పుడు అతనికీ భవిష్యత్తు ఉందని గుర్తు చేసిన పెద్దమనిషి ఎవరు? "ఆ పేట పిల్లలంతా అంతేనండీ" అన్నదే కదా మాట. పరిస్థితులు చూస్తే శిక్ష పోతుందని భయపడేవాళ్లు గమనించవలసింది, మనవాళ్ల విషయంలో అది ఎప్పుడో పోయింది. కొత్తగా పోయేదేం లేదు. పరాయివాడికి కూడా అదే విచారణ ఇస్తే, ఏ పరిస్థితి క్షమించదగ్గదో ఏది కాదో ఒకే కొలతతో తేల్చవలసి వస్తుంది. దాంతో మనవాళ్లకి ఇచ్చే మినహాయింపులు కొన్ని తగ్గుతాయి. అసలు భయం అదేనేమో.

ఈ కొలత ఎక్కువగా తప్పేది కౌలు రైతు దగ్గర. డెల్టాలో సాగు చేసే చేతులు చాలావరకు కౌలువాళ్లవే. మక్తా, అంటే యజమానికి కట్టే కౌలు, బస్తాల్లో ఉంటుంది, బస్తా అంటే 75 కిలోలు, పంట మునిగినా బస్తాలు కొలవాల్సిందే. బ్యాంకు అప్పు, పంట బీమా, నష్టపరిహారం పట్టా ఉన్నవాడి పేరు మీద వెళ్తాయి. కౌలు రైతు ఎరువుల కొట్లో అరువు పెట్టి, రెండు మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, తుఫాను వస్తే కట్టలేకపోతాడు. అప్పుడు అతను ఎగ్గొట్టేవాడు, మొండివాడు. వచ్చే ఏడు చేను ఇంకొకరికి.

2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం, తాను సాగు చేస్తున్నట్టు గుర్తించే కార్డు కౌలు రైతుకి కావాలంటే భూమి యజమాని 11 నెలల ఒప్పందం మీద సంతకం పెట్టాలి. సంతకం అడిగితే "ఇన్నేళ్లుగా చేస్తున్నావు, నా మీద నమ్మకం లేదా?" అంటాడు యజమాని. ఆయనకీ ఒక పరిస్థితి ఉంది, కాగితం పుడితే భూమి చేజారుతుందన్న భయం తాతల నాటి నుంచి ఉంది, అదే భూమి మీద ఆయన పేరున అప్పు కూడా ఉండి ఉంటుంది. అంతకు ముందు 2011 చట్టంలో రుణ అర్హత కార్డుకి యజమాని సమ్మతి అవసరం లేకుండా రెవెన్యూ వాళ్లు విచారించి ఇచ్చే పద్ధతి ఉండేది. దాని అమలూ అంతంతమాత్రమే, కార్డు వచ్చిన చాలామందికి బ్యాంకు అప్పు రాలేదు. అయినా చేను ఎవరు దున్నుతున్నారన్నది ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి, గ్రామసభలో ఆ పేర్లు చదివి రాసుకుని, అభ్యంతరం ఉంటే యజమాని వచ్చి చెప్పుకునే పద్ధతే మళ్లీ తేవాలి. అప్పుడు కౌలు రైతు ఖరీఫ్ మొదట్లో సంతకం కోసం ఎవరి గుమ్మంలోనూ చేతులు కట్టుకుని నిలబడనక్కర్లేదు, యజమాని అతని నమ్మకాన్ని పరీక్షించనూ అక్కర్లేదు.